సరదాకు తీసిన బండి

(సంఘం వార్షిక సభలో ఒక ఉర్దూ ఉపాధ్యాయుని ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు మమ్మల్ని తాలీం గురించి మాట్లాడమన్నారు. ప్రతి సంవత్సరం ఆ అంశం మాకే వస్తుంది. ఉర్దూ బడి పంతులుకు మరేమి ఇస్తారు? చెప్పినదే చెబితే మీకూ విసుగు, మాకూ విసుగు. అందువలన ఈసారి వారిని అడిగి, వారి ఇజాజత్ తీసుకొని, అంశం మార్చుకున్నాము. ఇజాజత్ అనే మాట మీద ఎందుకింత బరువు పెడుతున్నామో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఈ రోజు మేము మాట్లాడబోయేది బండ్ల గురించి. అడగకుండా తీసుకుపోయే బండ్ల గురించి. మొదట అబ్బా బండి. తరువాత మామూ బండి. ఆ తరువాత పక్కింటి వారిది, మసీదు ముందు నిలిపినది, ఆఖరుకు ముక్కూ మొహం తెలియని వాడిది. ఈ వరుసలోనే ఆ అలవాటు నడుస్తుందని ఇరవై ఏళ్లుగా పిల్లలను చూస్తున్న మాకు తెలిసి వచ్చింది.

2022 రంజాన్ చివరి పది రోజుల్లో మన వింజమూరులో ఒక సంగతి జరిగింది. మీలో చాలామందికి తెలిసిందే. అయితే తెలిసినది సగమే అని మా అభిప్రాయం, కాబట్టి మొదటి నుంచి చెబుతాము. పేర్లు మాత్రం చెప్పము.

మన వాళ్లలో ఒక గాజుల వ్యాపారి ఉన్నాడు. పాత ఎక్సెల్ బండికి వెనుక చెక్కపెట్టె కట్టుకొని దుత్తలూరు వైపు, కలిగిరి వైపు పల్లెలన్నీ తిరుగుతాడు. ఆ రోజు ఇఫ్తారు దారిలోనే ఒక చెట్టు కింద చేసి, ఇంటికి కూడా పోకుండా, సరాసరి తరావీహ్‌కు వచ్చాడు. బండి మసీదు గోడ పక్కన నిలిపాడు. పెట్టె దానికే కట్టి ఉంది. ఆ బండి తాళం ఎప్పుడో అరిగిపోయింది, ఏది పెట్టినా తిరుగుతుంది. మసీదు ముందే గదా అనే ధీమా. నమాజు ముగించుకొని బయటకు వచ్చేసరికి గోడ పక్కన ఖాళీ.

బండి మూడో రోజున ఒక చెరువు కట్ట కింద దొరికింది. ముందు ఫోర్కు వంగిపోయింది, లైటు పగిలింది, పెట్రోలు చుక్క లేదు. పెట్టె తుమ్మచెట్ల దగ్గర బోర్లా పడి ఉంది. గాజులు కొన్ని పొడి పొడి, కొన్ని ఎవరు పట్టుకుపోయారో తెలియదు.

తీసినది ఇద్దరు పిల్లలు. పెద్దవాడికి పదిహేడు, ఇంటరు చదువుతున్నాడు. చిన్నవాడికి పద్నాలుగు. ఇద్దరూ అయిదో తరగతి వరకు మా దగ్గర చదివిన వారే. దొంగతనం చేసి అమ్ముకునే ఉద్దేశం వాళ్లకు లేదు, ఆ మాట మేము ఇప్పటికీ నమ్ముతాము. తరావీహ్ జరుగుతుంటే రెండు రకాతులకే బయటకు జారుకొని, రోడ్డు ఖాళీగా ఉంది గదా అని ఒక రౌండు వేద్దామనుకున్నారు. ఒక రౌండు రెండయింది. పెద్దవాడు ముందు చక్రం పైకి లేపబోయాడు. వెనుక అంత పెట్టె ఉన్న ఎక్సెల్ మీద అటువంటి విన్యాసం చేయబోయిన తెలివికి నవ్వాలో ఏడవాలో తెలియదు. కట్ట మీద నుంచి జారారు. అల్లా దయ వలన చేతులు గీరుకుపోవడంతో సరిపోయింది. భయపడి బండిని అక్కడే వదిలి ఇంటికి వచ్చి పడుకున్నారు. పొద్దున సహ్రీకి లేచి రోజా కూడా ఉన్నారట!

తరువాత మసీదు వరండాలో పెద్దలు కూర్చున్నారు. పోలీసుల దాకా ఎందుకు, మన పిల్లలే గదా అని అందరి మాట. పిల్లల తండ్రులలో ఒకాయన ఇక్కడ ఉన్నాడు, ఇంకొకాయన కువైట్‌లో ఉంటే ఫోనులో మాట్లాడాడు. రిపేరుకు మూడు వేలు, గాజులకు రెండు వేలు, మొత్తం అయిదు వేలు ఇప్పించారు. రంజాన్ నెల, మాఫ్ చేసెయ్యి భాయ్ అన్నారు. ఆయన తల ఊపాడు. అందరూ లేచి అస్ర్ నమాజుకు పోయారు. పావుగంట పట్టి ఉంటుంది.

ఆ వరండాలో మేము కూడా కూర్చున్నాము. అంతే కాదు, "పిల్లలు గదా, సరదాకు తీశారు" అని మొదట నోరు తెరిచినది మేమే. మా దగ్గర చదివిన పిల్లలనే అభిమానం. పంతులు ఆ మాట అనేసరికి మిగతా వారికి పని తేలికయింది. ఈ రోజు ఈ మైకు ముందు నిలబడడానికి అసలు కారణం ఇదే.

ఇక సరదా అనే మాటకు వద్దాము. ఏ పిల్లవాడిని అడిగినా, "మేము దొంగతనం చేయలేదు సాబ్, మళ్లీ తెచ్చి పెట్టేవాళ్లమే" అంటాడు. తెచ్చి పెడితే దొంగతనం కాదని వాళ్ల నమ్మకం. చాలామంది తల్లిదండ్రుల నమ్మకం కూడా అదే. మన దేశపు చట్టం మాత్రం ఆ మాట ఒప్పుకోదు. ఒప్పుకోదని తేల్చి చెప్పిన కేసు ఒకటుంది. బండి కేసు కాదు, విమానం కేసు! పిలకాయలు చెవులు రిక్కించి వినండి.

1952 మే నెలలో జోధ్‌పూరులోని వైమానిక దళ శిక్షణ కేంద్రంలో మెహ్రా అనే కాడెట్ ఉండేవాడు. అప్పుడే శిక్షణలోంచి తీసివేయబడిన ఇంకొక కాడెట్‌తో కలిసి, తెల్లవారుజామున, అనుమతి లేకుండా ఒక హార్వర్డ్ విమానాన్ని ఎగరేసుకొని పోయాడు. తీరా అది దిగింది పాకిస్తాన్‌లో. రెండు రోజుల తరువాత కరాచీలో మన హైకమిషన్ వారిని కలుసుకొని, మమ్మల్ని ఇంటికి పంపండి అని అడిగారు. తిరిగి వచ్చే దారిలో జోధ్‌పూరులోనే అరెస్టు అయ్యారు. దారి తప్పాము, విమానాన్ని ఉంచేసుకునే ఉద్దేశం మాకు లేదు అని వాదించారు. ఆ వాదన సుప్రీంకోర్టు దాకా పోయింది. 1957లో కోర్టు వారు ఏమన్నారంటే, వస్తువును శాశ్వతంగా కాజేయాలనే ఉద్దేశం అక్కరలేదు, యజమాని సమ్మతి లేకుండా, నిజాయితీ లేని బుద్ధితో, కొంతసేపు దానిని ఆయనకు అందకుండా చేసినా అది దొంగతనమే అన్నారు. ఆ తరువాత కొన్నేళ్లకు ఆఫీసు ఫైలును ఇంటికి తీసుకుపోయి, పని కాగానే తిరిగి పెట్టిన ఒక ఉద్యోగి కేసులో కూడా ఇదే నిర్ణయం. తిరిగి పెట్టాను గదా అంటే కుదరలేదు.

ఇంగ్లండులో సంగతి వేరు. శాశ్వతంగా ఉంచేసుకునే ఉద్దేశం ఉంటేనే అక్కడ దొంగతనం. అందుకని కార్లు తీసుకొని షికారు కొట్టి వదిలేసే కుర్రవాళ్లు శిక్ష తప్పించుకుంటుంటే, 1930లో రోడ్డు చట్టంలో దానికి ప్రత్యేకంగా ఒక నేరం పెట్టుకోవలసి వచ్చింది. అంతటితో ఆగిందా అంటే లేదు. 1991లో ఆక్స్‌ఫర్డు ఊరి చివర బ్లాక్‌బర్డ్ లేస్ అనే పేటలో కుర్రవాళ్లు దొంగ కార్లతో రాత్రిళ్లు విన్యాసాలు చేయడం, జనం గుంపులుగా నిలబడి చూడడం, పోలీసులు వస్తే రాళ్లు రువ్వడం. ఆ సెప్టెంబరులోనే ఉత్తరాన ఇంకొక చోట దొంగ కారులో పోతూ ఇద్దరు యువకులు చనిపోతే పెద్ద అల్లర్లే జరిగాయి. మరుసటి సంవత్సరం ఇంకా కఠినమైన చట్టం తెచ్చారు. అమెరికాలో ఈ మధ్యనే, 2021, 2022 సంవత్సరాలలో, ఫలానా కంపెనీ కార్లు తేలికగా స్టార్టవుతాయని సెల్‌ఫోనులో వీడియోలు పాకిపోయి, మీసాలు కూడా రాని పిల్లలు వాటిని ఎత్తుకుపోయి గోడలకు గుద్దారు. కనీసం ఎనిమిది మంది చనిపోయారని 2023లో అక్కడి రోడ్డు భద్రతా శాఖ వారే చెప్పారు. అంత చదువుకున్న దేశాలు గదా అంటారా? కుర్రతనం అన్ని దేశాలలో ఒకటే.

మన మోటారు వాహనాల చట్టంలో కూడా, 1988 నాటిది, 197వ సెక్షన్ అని ఒకటుంది. యజమాని సమ్మతి లేకుండా బండి తీసుకొని నడిపితే మూడు నెలల జైలు గానీ, అయిదు వేల జరిమానా గానీ, రెండూ గానీ. అడిగితే యజమాని ఒప్పుకొనేవాడే అని నిజంగా నమ్మడానికి కారణముంటే కోర్టు వదిలిపెడుతుంది. మామూ బండి తీసినవాడికి ఈ తలుపు కొంచెం తెరిచి ఉంటుంది కాబోలు. గాజుల భాయ్ బండి తీసినవాడికి ఏ కారణం ఉంది? పైగా పోలీసువారు 197తో సరిపెట్టాలనే నియమమేమీ లేదు. దొంగతనం కిందనే రాయవచ్చు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 303వ సెక్షన్, మూడేళ్ల వరకు జైలు.

ఇప్పుడు ఇంటి బండి సంగతి. దీని గురించి ఎక్కువ చెప్పక తప్పదు, ఎందుకంటే ఇక్కడ ముద్దాయి కూర్చునే బోనులో పిల్లవాడితో పాటు మనమూ ఉంటాము.

పద్దెనిమిది నిండనిదే బండి నడపకూడదు. పదహారుకే లైసెన్సు ఇస్తారని కొందరు మాతో వాదించారు. ఇస్తారు, గేర్లు లేని, యాభై సీసీ లోపు బండికి. మన వీధిలో అటువంటి బండి ఎవరి ఇంట్లో ఉందో చూపించండి. ఎక్సెల్ హండ్రెడ్ అంటేనే వంద సీసీకి దగ్గర. స్కూటీలు, యాక్టివాలు కూడా యాభై దాటినవే. కాబట్టి తొమ్మిదో తరగతి పిల్లవాడు ఎక్సెల్ మీద కూరగాయలకు పోతే అది చట్టవిరుద్ధమే, కొత్తిమీర కోసం పోయినా సరే.

2019 సెప్టెంబరు నుంచి ఆ చట్టంలో 199-ఎ అని కొత్త సెక్షన్ చేర్చారు. మైనరు బండి నడిపి నేరం చేస్తే, తండ్రి లేక సంరక్షకుడు, లేక బండి యజమాని, దోషిగానే లెక్క. మూడేళ్ల దాకా జైలు, ఇరవై అయిదు వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఒక సంవత్సరం రద్దు. ఆ పిల్లవాడికి ఇరవై అయిదేళ్లు వచ్చేవరకు లైసెన్సు ఇవ్వరు. డ్రైవింగ్ నేర్చుకొని కువైట్ పోదామనుకునే ఇంట్లో ఈ చివరి మాట ఎంత బరువైనదో వేరే చెప్పనక్కరలేదు. నాకు తెలియకుండా జరిగింది, లేక నేను చేయవలసిన జాగ్రత్తలన్నీ చేశాను, అని తండ్రి రుజువు చేసుకుంటే తప్పించుకోవచ్చు. అయితే రుజువు చేసుకోవలసిన భారం ఆయనదే. తాళం చెవి తలుపు పక్కన మేకుకు తగిలించి ఉంచినవాడు ఏమి రుజువు చేస్తాడు? మన ఇళ్లలో ఆ మేకు లేని ఇల్లు ఎక్కడుంది? మా ఇంట్లో కూడా ఉండేది. పోయిన సంవత్సరం పీకేశాము. గోడకు చిల్లు మిగిలింది, సున్నం వేయాలి.

2024 మే 19 తెల్లవారుజామున పూణేలో పదిహేడేళ్ల పిల్లవాడు పోర్షే కారుతో ఒక మోటారుసైకిలును గుద్దితే దాని మీద పోతున్న ఇద్దరు యువ ఇంజనీర్లు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, చనిపోయారు. మూడు వందల మాటల వ్యాసం రాయమని షరతు పెట్టి ఆ పిల్లవాడికి బెయిలు ఇవ్వడం, దేశమంతా మండిపడడం మీరు పేపర్లలో చదివే ఉంటారు. తండ్రిని కూడా అరెస్టు చేశారు. అది కోటీశ్వరుల సంగతి, మనకెందుకు అనుకోవద్దు. చనిపోయిన ఇద్దరూ కోటీశ్వరులు కారు. అంతేకాక ఆ ఇంటివారికి వకీళ్ల ఫీజులు ఇచ్చుకునే తాహతు ఉంది. మన ఎక్సెల్ కింద ఎవరైనా పడితే, మైనరు నడిపాడని తేలితే, ఇన్సూరెన్సు వారు కట్టిన డబ్బును యజమాని దగ్గర తిరిగి రాబట్టుకుంటారు, లేదా మాకు సంబంధం లేదని తప్పుకుంటారు. ఇల్లు అమ్ముకోవాలి.

చట్టం మాట అయింది. దీన్ మాట రెండు ముక్కలలో చెబుతాము. ఆలిములు సభలో ఉండగా ఎక్కువ మాట్లాడడం అదబు కాదు. అబూ దావూద్ గారి హదీసు సంకలనంలో, తోటివాడి సామాను వేళాకోళానికైనా, నిజానికైనా తీసుకోకూడదనీ, చేతికర్ర తీసుకున్నా తిరిగి ఇచ్చివేయాలనీ ఉంది. వేళాకోళానికైనా అనే మాటను గమనించండి. మేము వరండాలో కూర్చుని ఏ సాకు చెప్పామో, దానినే అక్కడ ముందుగా కొట్టివేశారు.

ఫిఖ్ గ్రంథాలలో దొంగతనం వేరు, గసబ్ వేరు. ఒకరి వస్తువును వారి ఇష్టం లేకుండా చేజిక్కించుకోవడం గసబ్. తీసినవాడు తిరిగి ఇవ్వాలి. చెడిపోతే, పోతే, ఆ నష్టం తీసినవాడి మెడకే. కావాలని పగలగొట్టలేదు సాబ్ అంటే చెల్లదు. ఇంతవరకు ఇమాములందరిదీ ఒకటే మాట. బండి లేనందువలన పోయిన రోజుల మాటేమిటి అన్నదగ్గర మాత్రం భేదముంది. షాఫయీ వారు వాడుకున్న దానికి కూడా వెల కట్టాలంటారు. మన హనఫీ పెద్దలు మామూలుగా ఒప్పుకోలేదు, కానీ వక్ఫు ఆస్తి, అనాథ సొమ్ము, బాడుగకు పెట్టిన వస్తువు, ఈ మూడింటి విషయంలో తరువాతి వారు మినహాయింపు ఇచ్చారు. గాజుల బండి ఏ కోవలోకి వస్తుందో నిర్ణయించవలసినది ఆలిములు. మా బాధ ఏమిటంటే, వెయ్యేళ్లుగా పెద్దలు పుటలకు పుటలు రాసి తర్జనభర్జన పడిన ప్రశ్నను ఆ రోజు వరండాలో మనలో ఒక్కరం కూడా అడగలేదు. నీకు ఎన్ని రోజులు పోయాయి భాయ్ అని ఒక్కరం అనలేదు.

ఇక పెద్దవాడి సంగతి. మాఫ్ అయిపోయింది గదా, వాడికి ఏమి అర్థమైంది? బండి తీస్తే పావుగంట తల వంచుకొని కూర్చోవాలి, అబ్బా డబ్బు కడతాడు, పెద్దలు సర్ది చెబుతారు. అంతే. 2024 జూలైలో నెల్లూరు రొట్టెల పండుగకు పోయాడు. అప్పటికి వాడికి పందొమ్మిది. బారా షహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువు చుట్టూ ఎంత జనం ఉంటారో మీకు తెలుసు. వేల బండ్లు. రోడ్డు పక్కన నిలిపిన ఒక బండిని తీసి, ఇద్దరు స్నేహితులను ఎక్కించుకొని తిరిగి వద్దామనుకున్నాడు. ఈసారి చెరువు కట్ట దాకా కూడా పోలేదు, రెండు వీధుల అవతల పట్టుకున్నారు. యజమాని మనవాడు కాదు, మన ఊరివాడు కాదు, మాఫ్ చేయవలసిన అవసరం ఆయనకు లేదు. ఆయన తప్పేమీ లేదు. దొంగతనం కేసు రాశారు.

పద్దెనిమిది లోపు వారైతే బాలల న్యాయమండలి ముందుకు పోతారు. అక్కడ తేలిన కేసు పిల్లవాడి భవిష్యత్తుకు అడ్డు రాకూడదని చట్టంలోనే ఉంది. అంటే 2022లోనే ఆ సంగతి పద్ధతి ప్రకారం పోయి ఉంటే, వాడికి బుద్ధి చెప్పేవారు ఉండేవారు, మచ్చ మాత్రం మిగిలేది కాదు. మనం దయ అనుకొని చేసినది రెండేళ్ల తరువాత ఎక్కడికి తెచ్చిందో చూడండి. ఒక్కొక్కసారి రాత్రి నిద్ర పట్టనప్పుడు ఈ లెక్క మాకు గుర్తుకు వస్తుంది.

ఆ కేసు ఇంకా కోర్టులోనే ఉంది. వాయిదా పడినప్పుడల్లా నెల్లూరు బస్సు, వకీలు, కూలి పోవడం. తండ్రి కువైట్‌లో వీసా మాట్లాడి ఉంచాడు. పాస్‌పోర్టుకు పెట్టుకుంటే పోలీసు విచారణ దగ్గర ఆగిపోయింది. 1967 నాటి పాస్‌పోర్టు చట్టం ప్రకారం క్రిమినల్ కేసు నడుస్తున్నవారికి పాస్‌పోర్టు ఇవ్వకుండా నిరాకరించవచ్చు, కోర్టు అనుమతి తెచ్చుకుంటే తప్ప. ఆ వీసా ఇంకెవరికో పోయింది. వాడి అమ్మ మా ఇంటికి వచ్చి, "మీరన్నా ఆ రోజు నాలుగు దెబ్బలు వెయ్యకపోతిరి సాబ్" అని ఏడ్చింది. దెబ్బల వలన ఏమవుతుందో మాకు తెలియదు గానీ, ఆమెకు జవాబు చెప్పలేకపోయాము.

ఎందుకు చేస్తారు వీళ్లు అని అడగాలి గదా. దరిద్రం వలన కాదు. తిండి లేక బండి తీసినవాడిని మేము చూడలేదు. తండ్రి గల్ఫులో, తల్లి మాట లెక్కలేదు, చేతిలో సెల్‌ఫోను, ఫోనులో చక్రం ఎత్తి నడిపే వీరుల వీడియోలు. దానికి తోడు మన పండుగ రాత్రులు. షబే బరాత్ అంటే జాగారం, ఇబాదత్. మన కుర్రవాళ్లకు అది బండ్ల రాత్రి అయి కూర్చుంది. హైదరాబాదులో ఆ రాత్రి పోలీసువారు ఫ్లైఓవర్లు మూసివేస్తున్నారంటే ఎవరి వలన? మన పిల్లల వలన. దువా చేయవలసిన రాత్రికి మన పేరు మీద అడ్డుగోడలు పెట్టవలసి రావడం కంటే సిగ్గుచేటు ఏముంది? అక్కడి పాతబస్తీలో 2015 ప్రాంతంలో ఆపరేషన్ చబుత్రా అని పెట్టి, అర్ధరాత్రి అరుగుల మీద, బండ్ల మీద తిరిగే కుర్రవాళ్లను తీసుకుపోయి, తల్లిదండ్రులను పిలిపించి మందలించి పంపేవారు. కొందరు దానిని తప్పు పట్టారు. పట్టనివ్వండి. రాత్రి రెండు గంటలకు నా కొడుకు ఎక్కడున్నాడో పోలీసు చెబితే తెలిసింది అని చెప్పుకునే తండ్రి ముందు తనను తాను తప్పు పట్టుకోవాలని మా ఉద్దేశం.

ఇంకొకటి. బండి నడపాలనే కోరిక తప్పు కాదు. మాకు కూడా పదిహేనేళ్లప్పుడు ఉండేది. అప్పట్లో అద్దె సైకిలుతో తీరిపోయేది, గంటకు ఇంత అని. అద్దె ఇచ్చి, కొట్టువాడి పుస్తకంలో పేరు రాయించుకొని తీసుకునేవాళ్లం. అడిగి తీసుకోవడం, చెప్పిన వేళకు తిరిగి ఇవ్వడం, ఆలస్యమైతే చీవాట్లు తినడం, ఇదంతా ఆ కొట్టు దగ్గరే నేర్చుకున్నాము. ఆ కొట్లు పోయాయి. వాటితో పాటు ఆ పాఠం కూడా పోయింది.

ఆ గాజుల వ్యాపారి దగ్గరకు మేము ఆలస్యంగా పోయాము. రొట్టెల పండుగ కేసు అయిన తరువాత, అంటే రెండేళ్లకు పైగా ఆలస్యంగా. ఇంటికి పోయి, "భాయ్, ఆ రోజు నీకు మొత్తం ఎంత పోయింది?" అని అడిగాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. లోపలకు పోయి ఒక నోటుపుస్తకం తెచ్చాడు. అంతా రాసి పెట్టుకున్నాడు. గాజులు నూట అరవై డజన్లు, నెల్లూరు సేటు దగ్గర అరువుకు తెచ్చినవి, ఆరు వేల నాలుగు వందలు. ఫోర్కు, లైటు, కూలి, రెండు వేల ఎనిమిది వందలు. బండి లేని రోజులు అయిదు, రంజాన్ చివరి బేరాలు, రోజుకు ఏడు వందల చొప్పున మూడు వేల అయిదు వందలు. మొత్తం పన్నెండు వేల ఏడు వందలు. ఇచ్చినది అయిదు వేలు. సేటు బాకీ తీర్చడానికి ఏడు నెలలు పట్టింది. ఆ సంవత్సరం ఈదుకు కూతురికి కొత్త బట్టలు కుట్టించలేదు. ఆ సంగతి పుస్తకంలో లేదు, ఆయన భార్య తలుపు వెనుక నుంచి చెప్పింది.

"మాఫ్ చేయమన్నారు, చేశాను సాబ్," అన్నాడాయన. "ఎన్ని గాజులు పగిలినాయని అప్పుడే ఒక్కరన్నా అడిగి ఉంటే, డబ్బు ఇవ్వకపోయినా నాకు ఇంత కష్టం అనిపించేది కాదు."

ఈ సంఘం కార్యవర్గం ముందు ఆ నోటుపుస్తకం లెక్క పెట్టాము. వారు విన్నారు, అందుకు కృతజ్ఞులము. రెండు మూడు ఏర్పాట్లు జరిగాయి. రంజాన్‌లోనూ, షబే బరాత్ నాడూ మసీదు ముందు బండ్ల దగ్గర ఇద్దరు వంతుల వారీగా నిలబడతారు. మొదటి వంతు వేసుకున్నది ఆ గువైటు తండ్రి తమ్ముడు. ఇక మీద ఇటువంటిది ఏది జరిగినా వరండాలో మొదట నష్టపోయినవాడే మాట్లాడాలి, ఆయన లెక్క చెప్పి ముగించిన తరువాతే మిగిలిన వారు నోరు తెరవాలి. పద్దెనిమిది నిండిన పిల్లలకు ఎల్లెల్లార్ పరీక్షకు మా బడిలో ఆదివారాలు జొహర్ తరువాత పాఠం చెబుతున్నాము, ఉర్దూలోనూ, తెలుగులోనూ. ఆడపిల్లల పేర్లు కూడా ఇవ్వవచ్చు. పద్దెనిమిది నిండని వారి పేర్లు మాత్రం ఎవరి సిఫారసుతో వచ్చినా తీసుకోము, దయచేసి మా మొహమాటాన్ని పరీక్షించవద్దు.

మిగిలిపోయిన ఏడు వేల ఏడు వందల మాట. మేము వరండాలో అన్న మాటకు మా వంతు రెండు వేలు వేశాము. కువైట్ నుంచి ఆ తండ్రి రెండు వేలు పంపాడు. చిన్నవాడికి ఇప్పుడు పదిహేడు. ఆదివారాలు ఒక మెకానిక్ దగ్గర పని నేర్చుకుంటూ, వచ్చిన దానిలో రెండు వందలు తానే తీసుకుపోయి ఆ ఇంట్లో ఇచ్చి, ఆయన చేత ఆ నోటుపుస్తకంలో రాయించుకొని వస్తున్నాడు. పోయిన ఆదివారంతో వాడిది పదకొండోసారి. ఇంకా పదిహేను వందలు ఉంది.